దస్తావేజుల్లో దొరకని చరిత్ర: బి. నర్సింగరావు సినిమాలు

మన పూర్వ విద్యార్థుల సంఘం యాభై ఏళ్ళు పూర్తి చేసుకుంటున్న సందర్భంగా వెలువడే ఈ సంచికకు "చరిత్ర మీద ఏదైనా రాయండి సార్" అని సంపాదకవర్గం అడిగింది. మూడు దశాబ్దాలు జూనియర్ కళాశాలలో చరిత్ర పాఠాలు చెప్పినవాణ్ణి కాబట్టి కాకతీయుల చెరువుల గురించో, కుతుబ్‌షాహీల కట్టడాల గురించో రాస్తానని వారు అనుకొని ఉంటారు. నేను ఒక సినిమా దర్శకుడి గురించి రాస్తున్నాను. ఆయన మన పాత మెదక్ జిల్లావారే. గజ్వేల్ దగ్గరి ప్రజ్ఞాపూర్‌లో 1946 డిసెంబర్ 26న పుట్టిన బి. నర్సింగరావు గారు.

సినిమాకూ చరిత్రకూ ఏం సంబంధమని కొందరు మిత్రులు అడగవచ్చు. మన ఊళ్ళలో 1948కి ముందు సామాన్యులు ఎట్లా బతికారో తెలుసుకోవాలంటే మనకు దొరికే రాతలు చాలా తక్కువ. పహాణీలో పొలం విస్తీర్ణం ఉంటుంది, శిస్తు ఉంటుంది, పట్టాదారు పేరు ఉంటుంది. ఆ పొలంలో వెట్టి చేసిన మనిషి పేరు ఉండదు. గడి లోపల నీళ్ళు మోసిన ఆడమనిషి పేరు అసలే ఉండదు. ఆ లోటును తెలుగులో పూడ్చడానికి పూనుకున్న కొద్దిమందిలో నర్సింగరావు గారు ఒకరు. అందుకే ఆయన సినిమాలను నేను చరిత్ర ఆధారాల వరుసలో పెడతాను.

ఆయనకు ముందు

తెలుగు సినిమా చాలాకాలం మద్రాసులో తయారైంది. అందులో పల్లెటూరు అంటే కాలువ గట్టు, కొబ్బరి చెట్లు, పచ్చని వరిచేను. మన దిక్కు బండరాళ్ళు, తుమ్మచెట్లు, జొన్నచేలు, ఎండిన కుంటలు తెర మీద కనిపించేవి కావు. మన మాట వినిపిస్తే అది ఎక్కువగా రౌడీ నోటనో, నవ్వించే పాత్ర నోటనో వినిపించేది. మనం బడిలో చదివే భాష ఒకటి, ఇంట్లో మాట్లాడే భాష ఒకటి కాబట్టి సినిమాలో ఇంకో భాష ఉండటం మనకు వింతగా తోచలేదు. ఆ రోజుల్లో మన బడి లైబ్రరీ అలమార బాధ్యత చూసిన తెలుగు సారు దాశరథి రంగాచార్య గారి 'చిల్లర దేవుళ్ళు' నవలను చేతికిచ్చి, "ఇంట్ల మాట్లాడినట్టే చదువుకోండిరా" అన్నారు. మన మాట అచ్చులో కూడా ఉండవచ్చునని నాకు ఆనాడే తెలిసింది.

తెర మీద తెలంగాణ పల్లెను గంభీరంగా చూపించే పని మొదట తెలుగు సినిమాకు బయట జరిగింది. సికింద్రాబాద్ తిరుమలగిరిలో పుట్టి పెరిగిన శ్యామ్ బెనెగల్ 1974లో 'అంకుర్' తీశారు. హైదరాబాద్ దగ్గరి ఎల్లారెడ్డిగూడలో చిత్రీకరించిన ఆ సినిమాలో పాత్రలు మాట్లాడేది దక్కనీ కలిసిన హిందీ. మరుసటి ఏడు వచ్చిన 'నిశాంత్' కూడా మన భూస్వాముల కథే, అదీ హిందీలోనే. 1977లో బెంగాలీ దర్శకుడు మృణాల్ సేన్ ప్రేమ్‌చంద్ రాసిన 'కఫన్' కథను తీసుకొని తెలుగులో 'ఒక ఊరి కథ' తీశారు. వాసుదేవరావు, మమతాశంకర్ నటించిన ఆ చిత్రానికి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. ఒక బెంగాలీ దర్శకుడు, ఒక హిందీ కథ, ఒక తెలంగాణ పల్లె! ఎవరో వచ్చి మన ఇంటి తలుపు తట్టినట్టు ఉండేది. లోపలి మనిషి నోరు విప్పడం ఇంకా మిగిలే ఉంది.

'మా భూమి'

నర్సింగరావు గారిది భూస్వామ్య కుటుంబం. చదివింది చిత్రకళ. బొమ్మలు, ఫొటోలు, కవిత్వం, నాటకం అన్నీ ఆయన చేతిలోని పనిముట్లే. 1970ల మొదట్లో హైదరాబాద్‌లో ఆయన నడిపిన ఆర్ట్ లవర్స్ అనే బృందంలోకి తూప్రాన్ యువకుడు గుమ్మడి విఠల్ వచ్చి చేరాడు. ఆ బృందమే తర్వాత జననాట్యమండలి అయింది. ఆ విఠలే గద్దర్ అయ్యాడు. తూప్రాన్, ప్రజ్ఞాపూర్ రెండూ మన జిల్లావే. ఒకరు దళిత వాడ నుంచి, ఒకరు భూస్వాముల ఇంటి నుంచి వచ్చి ఒకే వేదిక మీద కలిశారు.

నాటకాల నుంచి సినిమాకు వచ్చినప్పుడు నర్సింగరావు గారు మొదట నిర్మాతగా వచ్చారు. జి. రవీంద్రనాథ్‌తో కలిసి 'మా భూమి' నిర్మించారు. దర్శకత్వానికి కలకత్తా నుంచి గౌతమ్ ఘోష్ అనే యువకుణ్ణి పిలిచారు. ఆయనకు అదే మొదటి కథాచిత్రం. కథకు ఆధారం కృషన్ చందర్ ఉర్దూ నవల 'జబ్ ఖేత్ జాగే'. స్క్రీన్‌ప్లే రాసినవారిలో నర్సింగరావు గారు కూడా ఉన్నారు. కథానాయకుడు రామయ్య పాత్రకు ప్రసిద్ధ రచయిత త్రిపురనేని గోపీచంద్ గారి కుమారుడు సాయిచంద్‌ను తీసుకున్నారు. ఆయనకూ అదే మొదటి సినిమా. చాలా పాత్రల్లో కొత్తవాళ్ళు, నాటకాలవాళ్ళు, ఊరివాళ్ళు కనిపిస్తారు.

చిత్రం 1980 మార్చి 23న విడుదలైంది. హైదరాబాద్‌లో ఉదయం ఆటలుగా నెలల తరబడి ఆడింది. ఆ ఏడే నేను మన బడిలో పదో తరగతి ముగించి ఇంటర్మీడియెట్ కోసం నగరానికి వెళ్ళాను. హాస్టల్ మిత్రులం ఆదివారం పొద్దున లైను కట్టి చూశాం. హాలులో రిక్షా తొక్కేవాళ్ళు, మిల్లు కార్మికులు, మాలాంటి పిల్లలు. గొంగడి భుజాన వేసుకొని, కర్ర పట్టుకొని గద్దర్ తెర మీదికి వచ్చి బండి యాదగిరి పాట అందుకునేసరికి హాలంతా గొంతు కలిపింది. పశులు కాసే జీతగాని గురించి సుద్దాల హనుమంతు రాసిన పాట వస్తున్నప్పుడు ఆ హాలే నిశ్శబ్దమైంది. మా వరుసలో కూర్చున్న ఒక మిత్రుడు బడికి రాకముందు రెండేళ్ళు జీతం ఉన్నవాడు. సినిమా అయ్యాక అతను ఏమీ మాట్లాడకుండా హాస్టల్ దాకా నడిచాడు.

ఆ సినిమా చెప్పిన చరిత్ర ఏమిటో నేటి పిల్లల కోసం కొంచెం వివరించాలి. నిజాం రాజ్యంలో సుమారు 60 శాతం భూమి దివానీ కింద, 30 శాతం జాగీర్ల కింద, 10 శాతం నిజాం సొంత ఆదాయానికి ఉద్దేశించిన సర్ఫేఖాస్ కింద ఉండేది. దివానీ గ్రామాల్లో కూడా దేశ్‌ముఖులు, పటేళ్ళు, పట్వారీలు రాతలు తమ చేతిలో ఉంచుకొని వేల ఎకరాలు పోగుచేసుకున్నారు. విసునూరు దేశ్‌ముఖ్ ఒక్కరి కిందే 40 వేల ఎకరాలు ఉండేవని పుచ్చలపల్లి సుందరయ్య గారు తమ గ్రంథంలో రాశారు. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ, ప్రతి కులానికీ దొర ఇంట్లో ఉచితంగా చేయాల్సిన వెట్టి ఉండేది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు బలి కావడంతో రైతాంగ పోరాటం సాయుధ రూపం వైపు మళ్ళింది. 1948 సెప్టెంబర్‌లో భారత సైన్యం వచ్చి నిజాం పాలన ముగిసింది. పోరాటాన్ని 1951 అక్టోబర్‌లో విరమించారు.

మన పాఠ్యపుస్తకాల్లో 1948 సెప్టెంబర్ కథకు ముగింపు. నిజాం లొంగిపోయాడు, విలీనం జరిగింది, పాఠం అయిపోయింది. 'మా భూమి' అక్కడ ఆగలేదు. పారిపోయిన దొర సైన్యం వెనకే మళ్ళీ ఊళ్ళోకి రావడాన్ని చూపించింది. పంచుకున్న భూమి ఏమైందని అడిగింది. ఈ చూపుతో ఏకీభవించనివాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఒక చరిత్ర అధ్యాపకుడిగా నేను చెప్పగలిగింది ఇంత: తరగతిలో నేను 1948 పాఠం చెప్పిన ప్రతిసారీ "తర్వాత ఊళ్ళో ఏం జరిగింది సార్?" అని పిల్లలు అడిగేదాకా ఊరుకునేవాణ్ణి. ఆ ప్రశ్న అడగడం నేను నేర్చుకున్నది ఆ సినిమాలోనే.

బొమ్మ ఎవరి కోసం?

దర్శకుడిగా నర్సింగరావు గారి మొదటి కథాచిత్రం 1983లో వచ్చిన 'రంగుల కల'. 'మా భూమి' లాంటి విజయం తర్వాత ఎవరైనా అలాంటిదే మరొక పోరాట కథ తీస్తారు. ఆయన హైదరాబాద్ నగరంలో బతికే ఒక చిత్రకారుడి కథ ఎంచుకున్నారు. ఆ చిత్రకారుడి పాత్రను తానే ధరించారు. డబ్బున్నవాళ్ళ గోడలకు వేలాడే బొమ్మ ఒకవైపు, చుట్టూ ఉన్న కార్మికుల బతుకు ఒకవైపు. బొమ్మ వేసేవాడు ఎవరి పక్క నిలబడాలి? గద్దర్ గొంతు ఈ చిత్రంలోనూ వినిపిస్తుంది.

దొరల ఇంట పుట్టి వెట్టివాళ్ళ కథ చెప్పబోయే మనిషి ముందుగా తనను తాను నిలదీసుకున్న సినిమాగా దీన్ని నేను చూస్తాను. నీకు ఈ కథ చెప్పే అర్హత ఎక్కడిది అని ఎవరో అడగకముందే ఆయన తెర మీద తనే అడిగారు. దీనికి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు లభించింది. ఈ మధ్యకాలంలోనే ఆయన 'ది సిటీ', 'మా ఊరు' వంటి డాక్యుమెంటరీలు కూడా తీశారు. పల్లెను కథ లేకుండా చూసే అలవాటు ఆయన తర్వాతి చిత్రాల్లో బాగా కనిపిస్తుంది.

'దాసి'

1988లో వచ్చిన 'దాసి' ఆయన పనిలో శిఖరం. 1920ల నాటి ఒక గడి. అందులో కమలాక్షి అనే దాసి. దొరసాని పెళ్ళై అత్తగారింటికి వచ్చేటప్పుడు అరణంగా ఆడపిల్లలను వెంట పంపే ఆచారం మన దగ్గర ఉండేది. ఆడబాప అనే మాట మన ముసలివాళ్ళ నోట ఇప్పటికీ వినవచ్చు. వాళ్ళు ఇంటి చాకిరీ చేయాలి, దొర పిలిస్తే పోవాలి, దొర ఇంటికొచ్చిన అతిథి కోరినా పోవాలి. గర్భం వస్తే ఆ గర్భం మీద కూడా వాళ్ళకు హక్కు లేదు. సినిమా కథ ఇంతే.

ఈ కథను ఇంకెవరైనా తీస్తే గోల చేసేవారు. నర్సింగరావు గారు దాదాపు నిశ్శబ్దంగా తీశారు. కమలాక్షి మాట్లాడేది తక్కువ. ఊడుస్తుంది, నీళ్ళు తోడుతుంది, కాళ్ళు కడుగుతుంది, నిలబడుతుంది. మనం ఆమె పనిని చూస్తూ ఉంటాం. పెద్ద పెద్ద గోడలు, మందమైన తలుపులు, చీకటి గదులు, మధ్యన ఎండపడే వాకిలి. గడి అనేది ఎట్లా పనిచేసే వ్యవస్థో మాటల్లో చెప్పకుండా ఆ గోడలతోనే చెప్పారు. ఎవరు ఏ గుమ్మం దాటవచ్చు, ఎవరు ఎక్కడ ఆగాలి, ఎవరు తల ఎత్తి మాట్లాడవచ్చు అన్నవన్నీ మనుషులు నిలబడే చోటును బట్టే తెలిసిపోతాయి.

ఆ ఏడాది జాతీయ అవార్డుల్లో 'దాసి'కి ఐదు వచ్చాయి. ఉత్తమ తెలుగు చిత్రం, ఉత్తమ నటిగా అర్చన, ఉత్తమ ఛాయాగ్రహణానికి ఎ.కె. బీర్, ఉత్తమ కళా దర్శకత్వానికి చిత్రకారుడు తోట వైకుంఠం, ఉత్తమ దుస్తుల రూపకల్పనకు సుదర్శన్. అర్చనకు అంతకుముందు ఏడాదే 'వీడు' అనే తమిళ చిత్రానికి ఇదే అవార్డు వచ్చింది. వరుసగా రెండేళ్ళు ఆ గౌరవం అందుకోవడం చిన్న విషయం కాదు. వైకుంఠం గారి పేరు వినగానే మనకు పెద్ద బొట్టు, ముదురు రంగు చీర, నల్లని మెరిసే ఒంటితో ఉన్న తెలంగాణ స్త్రీల బొమ్మలు గుర్తొస్తాయి. ఆ చేతులే గడి లోపలి గిన్నెనూ చాపనూ దీపాన్నీ అమర్చాయి. బట్టలకు అవార్డు రావడం కూడా నాకు ముఖ్యంగా తోస్తుంది. దాసి కట్టుకునే చీర మోకాళ్ళ దగ్గర ఎట్లా ఉంటుందో, దొరసాని కట్టు ఎట్లా ఉంటుందో, అవి పుస్తకాల్లో రాసి ఉండవు. ఎవరో ముసలమ్మను అడిగి తెలుసుకోవలసిందే.

ఆ రోజుల్లో దూరదర్శన్‌లో ఆదివారం మధ్యాహ్నం ప్రాంతీయ భాషల్లో అవార్డు పొందిన చిత్రాలు వేసేవారు. మన ఊళ్ళలో చాలామందికి ఇలాంటి సినిమాలతో పరిచయం ఆ ఆదివారాలతోనే. అన్నం తిని కూర్చుంటే బెంగాలీయో మలయాళమో వచ్చేది, పెద్దలు కునుకు తీసేవారు. 'దాసి' వచ్చిన ఆదివారం నేను సెలవు మీద ఊళ్ళో ఉన్నాను. మా నాయనమ్మ గోడకు ఆనుకొని చూస్తోంది. మాటలు తక్కువైన సినిమా కాబట్టి ఆమెకు విసుగు పుడుతుందేమో అనుకున్నాను. ఆమె కదలలేదు. సగం అయ్యాక లేచి వాకిట్లోకి పోయి కూర్చుంది. నేను వెళ్ళి, "ఏమైంది నాయనమ్మా?" అన్నాను.

"గడి లోపటి సంగతి వీళ్ళకు ఎట్ల తెల్సిందిరా?" అంది.

అంతకుముందు ఆమె గడి గురించి ఒక్క మాట చెప్పి ఎరుగదు. ఆ సాయంత్రం తన చిన్నమ్మ ఒకామె ఎవరి అరణంతో పోయిందో, ఎన్నేళ్ళకు తిరిగొచ్చిందో, వచ్చాక వాకిలి దాటి బయటికి రాకుండా ఎట్లా బతికిందో చెప్పింది. మా ఇంట్లో ఆ పేరు అంతకుముందు ఎవరూ పలకలేదు. నేను ఎం.ఏ. చరిత్ర చదివాను, రాష్ట్ర అభిలేఖాగారంలో నెలలు కూర్చున్నాను. ఏ ఫైలులోనూ ఆమె దొరకలేదు. ఒక సినిమా మా నాయనమ్మ నోరు తెరిపించింది.

'మట్టి మనుషులు'

1990లో వచ్చిన 'మట్టి మనుషులు'లో కాలం మారింది. గడి పోయింది, దొర పట్నం చేరాడు. ఊళ్ళో బతకలేని జంట కూడా పట్నం చేరింది, భవన నిర్మాణ కూలీలుగా. ఇందులోనూ ప్రధాన పాత్ర అర్చనదే. తట్టలు మోసి ఇతరులకు మేడలు కట్టి, తాము రేకుల కింద పడుకునే మనుషులు. దీనికీ ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు దక్కింది. 'దాసి', 'మట్టి మనుషులు' రెండూ మాస్కో అంతర్జాతీయ చలనచిత్రోత్సవానికి వెళ్ళాయి.

ఈ చిత్రాలను వరుసలో పెట్టి చూస్తే ఒక శతాబ్దపు తెలంగాణ చరిత్ర కనిపిస్తుంది. 'దాసి'లో గడి నిండుగా ఉన్న కాలం. 'మా భూమి'లో దాని మీద తిరుగుబాటు. 'మట్టి మనుషులు'లో వలస. 'రంగుల కల'లో ఇదంతా చూస్తున్న కళాకారుడి మనసు. ఇట్లా ఆయన ముందుగా పథకం వేసుకున్నారని నేను అనను. తాను పుట్టిన నేలను వదలకుండా చూస్తూ కూర్చున్న మనిషికి ఆ వరుస దానంతటదే వస్తుంది.

1983 నుంచి 1990 వరకు ఆయన దర్శకత్వం వహించిన ఈ మూడు కథాచిత్రాలూ జాతీయ స్థాయిలో ఉత్తమ తెలుగు చిత్రాలుగా ఎంపికయ్యాయి. అయినా మన ఊళ్ళో ఆయన పేరు తెలిసినవాళ్ళు ఎంతమంది? కారణం వెతకడానికి దూరం పోనక్కరలేదు. ఈ సినిమాలకు పంపిణీదారు దొరకడు, థియేటర్ దొరకదు. దొరికినా ఉదయం ఆటే. కేరళలోనూ బెంగాల్‌లోనూ ఫిల్మ్ సొసైటీలు ఊరూరా ప్రేక్షకులను తయారు చేశాయి. మన దగ్గర అవి హైదరాబాద్ వంటి నగరాలు దాటి రాలేదు. దూరదర్శన్ ఒక్కటే దారి. 1990లలో ప్రైవేటు ఛానళ్ళు వచ్చాక ఆ దారిలోనూ నడిచేవాళ్ళు తగ్గిపోయారు.

ఆయన సినిమాల మీద ఉన్న విమర్శను కూడా చెప్పాలి. నెమ్మదిగా నడుస్తాయని అందరూ అంటారు. ఇంకొక విమర్శ మరింత గట్టిది. చిత్రకారుడి కన్ను కావడం వల్ల బాధను కూడా అందంగా చూపిస్తారని, గడి గోడల మీద పడే వెలుతురు చూస్తూ మనం దాసి ఏడుపు మరిచిపోతామని అంటారు. నా విద్యార్థులకు 'దాసి' చూపించినప్పుడు ఒక అమ్మాయి లేచి, "సార్, ఆమె ఎందుకు ఎదురు తిరగదు?" అని అడిగింది. మరొక అమ్మాయి జవాబిచ్చింది: "ఎక్కడికి పోతది?" తరగతి గంట మోగేదాకా వాళ్ళిద్దరూ వాదించుకున్నారు. ఒక సినిమా పదిహేడేళ్ళ పిల్లలతో ఇట్లాంటి ప్రశ్న అడిగించగలిగితే దాని నెమ్మదితనాన్ని నేను భరించగలను.

మనం చేయదగిన పని

ఈ వ్యాసం చదివే మిత్రుల్లో చాలామంది అమెరికాలో, గల్ఫ్‌లో, బెంగళూరులో ఉన్నారు. మనలో కొందరు గడికి దగ్గరి కుటుంబాల నుంచి, ఎక్కువమంది గడికి వెట్టి చేసిన కుటుంబాల నుంచి వచ్చి ఒకే బెంచీ మీద కూర్చొని చదువుకున్నాం. ఆ సంగతి మనం ఎన్నడూ మాట్లాడుకోలేదు. బడి మనకు ఇచ్చిన గొప్ప వరం ఆ బెంచీ. అయితే దాని మీద కూర్చున్నందువల్ల ముందు తరం కథ తెలుసుకోవలసిన పని తప్పిపోలేదు.

మన ఊరి గడి పెద్ద తలుపు ఎవరో పాత సామాన్లవాడికి అమ్మేశారు. వెనక భాగం కూలింది. రాళ్ళు కొన్ని ఇళ్ళ పునాదుల్లోకి పోయాయి. దాని గురించి నాకు బాధ లేదు. గడి కూలితే కూలనీ. కానీ అందులో పనిచేసినవాళ్ళను చూసిన మనుషులు ఇప్పుడు ఊళ్ళో నలుగురైదుగురే మిగిలారు. వాళ్ళకు ఎనభై దాటాయి. మా నాయనమ్మ చెప్పిన మాటలను ఆ రాత్రే ఒక నోటుబుక్కులో రాసి పెట్టాను కాబట్టి అవి మిగిలాయి. మిగిలినవాళ్ళ మాటలు వాళ్ళతోనే పోతాయి.

అందుకని సంఘానికి రెండు విన్నపాలు. మొదటిది, స్వర్ణోత్సవాల మూడు రోజుల్లో ఒక సాయంత్రం బడి ఆవరణలో తెర కట్టి 'మా భూమి'గానీ 'దాసి'గానీ అనుమతి తీసుకొని, మంచి ప్రతి సంపాదించి ప్రదర్శించాలి. ఊరివాళ్ళను, ముఖ్యంగా ముసలివాళ్ళను పిలవాలి. నేను ఇటీవల చూసిన ప్రతుల్లో రంగు వెలిసిపోయింది, మాట సరిగా వినబడదు. మంచి ప్రతి కోసం అడిగేవాళ్ళు ఉంటేనే దాన్ని భద్రపరిచేవాళ్ళూ ఉంటారు.

రెండవది, ప్రస్తుత తొమ్మిదో తరగతి పిల్లలకు ఈ ఏడాది ప్రాజెక్టుగా ఊళ్ళోని పెద్దవాళ్ళ మాటలను ఫోన్లలో రికార్డు చేసే పని అప్పగించాలి. ఏ పొలం ఎవరిది, ఎవరు ఏ వెట్టి చేశారు, ఎవరు ఎక్కడికి వలసపోయారు, ఏ పాట పాడేవారు. వాళ్ళు మాట్లాడిన భాషలోనే రాయించాలి, దిద్దవద్దు. పిల్లలకు ఎట్లా అడగాలో, ఎట్లా రాసుకోవాలో నేర్పడానికి నేను వారానికి రెండు రోజులు వస్తాను. రానూపోనూ బస్సు చార్జీ కూడా నాదే.

ప్రధానోపాధ్యాయుల వారితో ఈ విషయం ఇప్పటికే మాట్లాడాను. సంక్రాంతి సెలవుల తర్వాత మొదలుపెడదామన్నారు. మొదటి పేర్ల జాబితాలో ఐదుగురు పెద్దలున్నారు. మీ ఇళ్ళల్లో ఇంకెవరైనా ఉంటే వారి పేర్లు సంఘ కార్యదర్శికి తెలియజేయండి.